నల్లగొండలో అద్దె ఇళ్లు చూపించే ఏజెన్సీ: పనితనం బాగుంది, ఫారంలో ఆ గడి మాత్రం తీసేయాలి

నల్లగొండకు ట్రాన్స్‌ఫర్ మీద వచ్చేవాళ్లు చాలామంది ఇప్పుడు అద్దె ఇంటి కోసం వీళ్ల దగ్గరికే వెళ్తున్నారు, అందుకే నా అనుభవం కొంచెం వివరంగా రాస్తున్నా. పేరు రాయడం లేదు. పట్టణంలో ఇలాంటి ఆఫీసులు ఇంకా ఉన్నాయి, నేను చెప్పబోయేది వాటిల్లో చాలావాటికి వర్తిస్తుంది, ఒక్కరిని పట్టుకుని మిగతావాళ్లను వదిలేయడం న్యాయం అనిపించలేదు. చిన్న గది, రెండు కుర్చీలు, ఇద్దరు కుర్రాళ్లు, ఒక పెద్ద రిజిస్టరు, ఫోన్లో వాట్సాప్ గ్రూపులు, అంతే ఆఫీసంటే.

ముందు బాగున్నవి చెప్తా, ఎందుకంటే నిజంగానే బాగున్నాయి. ఇల్లు కుదిరాకే డబ్బు తీసుకుంటారు, సగం నెల అద్దె. రిజిస్ట్రేషన్ ఫీజనీ విజిటింగ్ చార్జీలనీ ముందే గుంజే పద్ధతి లేదు. ఇంటి వీడియో పంపిస్తారు, అదీ హాలూ బెడ్‌రూమూ ఊరికే తిప్పి చూపించే వీడియో కాదు, కుళాయి తిప్పి నీళ్లు చూపిస్తారు, కరెంటు మీటరు విడిగా ఉందా సబ్ మీటరా చెప్తారు, మిషన్ భగీరథ కనెక్షన్ ఉందా, ఒట్టి బోరు మీదే నడుస్తుందా చెప్తారు. ఈ జిల్లాలో నీళ్ల సంగతి అడగకుండా ఎవరూ ఇల్లు తీసుకోరు. ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకర పోయిన మనుషుల్ని చూస్తూ పెరిగిన జిల్లా ఇది. అగ్రిమెంటు కూడా వాళ్లే రాయిస్తారు, మామూలుగా అందరూ రాసుకునే పదకొండు నెలలది. మూడు నెలల అడ్వాన్స్ అడిగిన ఓనర్‌ని రెండు నెలలకు ఒప్పించారు. వస్తామన్న టైమ్‌కు వచ్చారు. డబ్బు విషయంలో ఒక్క రూపాయి తేడా రాలేదు.

ఇక అసలు సంగతి. వెళ్లగానే ఒక ఫారం ఇస్తారు. జిరాక్స్ మీద జిరాక్స్ తీసీ తీసీ అక్షరాలు సగం చెరిగిపోయిన అర ఠావు కాగితం. పేరు, సొంత ఊరు, ఉద్యోగం, ఇంట్లో ఎంతమంది, బండా కారా, వెజ్జా నాన్‌వెజ్జా, దాని కింద ‘కమ్యూనిటీ’. నేను ఆ గడి ఖాళీగా వదిలేసి కాగితం ఇచ్చేశాను. ఆ తమ్ముడు ఏమీ అనలేదు. నా ఆధార్ జిరాక్స్ తీసుకుని, ఇంటిపేరు చూసి, జేబులోంచి పెన్ను తీసి ఆ గడి తనే నింపాడు. నన్ను అడగలేదు, నా మొహం కూడా చూడలేదు. సరిగ్గానే నింపాడు కూడా. ఆ తర్వాత పని చకచకా సాగింది, సాయంత్రానికి ఫోన్లో వరసగా వీడియోలు వచ్చి పడ్డాయి.

టేబుల్ మీద రిజిస్టరు తెరిచి ఉంటే చూశాను. ప్రతి ఇంటి వివరం పక్కన ఎర్ర పెన్నుతో ఒక గుర్తు. ‘ఓసీ ఓన్లీ’ అని కొన్నింటికి, ‘వెజ్’ అని కొన్నింటికి, ‘బీసీ ఓకే’ అని కొన్నింటికి, ‘హిందూస్’ అని చాలావాటికి. అక్కడక్కడ ‘అందరికీ’ అని. పేజీలు తిప్పుతుంటే ఆ ‘అందరికీ’ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

మా బ్రాంచిలో నాతో పాటే ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన ఇంకొకాయన ఉన్నాడు. నాదీ ఆయనదీ ఒకటే క్యాడర్, ఒకటే జీతం, ఇంటి బడ్జెట్ కూడా దాదాపు ఒకటే. ఆయన ముస్లిం. ఆయన గడి నింపాల్సిన పని కూడా లేకపోయింది, పేరు చెప్తే చాలు. పొద్దున నాకు వచ్చిన వీడియోల్లో ఒకటి చూపించి, ఇది బాగుంది, ఆఫీసుకు దగ్గర, నాకు వద్దు కానీ మీరు అడగండి అన్నాను. ఆయన ఫోన్ చేస్తే ‘ఇప్పుడే అయిపోయింది సార్’ అన్నారు. అదే రోజు సాయంత్రం అదే ఇంటి గురించి నాకు మళ్లీ ఫోన్, ‘సార్ అది ఇంకా ఖాళీగానే ఉంది, ఓనర్ రెండొందలు తగ్గిస్తనంటున్నడు, చూస్తరా’ అని. ఆయన నా పక్క సీట్లోనే ఉన్నాడు, స్పీకర్ ఆన్‌లో ఉంది, ఇద్దరం విన్నాం. ఆయన ఏమీ అనకుండా వోచర్లు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆయనకు ఇది కొత్త కాదట, మహబూబ్‌నగర్‌లో కూడా ఇదే తంతు అట. మాదీ పాలమూరే, అన్నేళ్లు అక్కడున్నాను కానీ నాకు ఎవరూ ఇలా ‘అయిపోయింది’ అనలేదు కాబట్టి నా కంటికి ఇది ఎప్పుడూ కనపడలేదు.

తర్వాత ఆయనకు చూపించినవన్నీ ఒకే దిక్కు ఇళ్లు. ‘మీవాళ్లు ఉన్న కాడ ఉంటే మీకే మంచిగుంటది సార్, మసీదు దగ్గర, మటన్ షాపు దగ్గర’ అని చెప్పారట. ఆయనకు కావాల్సింది పిల్లల స్కూల్ బస్ వచ్చే రోడ్డు.

ఇంకొకరి సంగతి. మా ఆవిడకు తెలిసిన స్టాఫ్ నర్సు ఒకామె ఉంది, ప్రభుత్వాసుపత్రిలో ఉద్యోగం, ఎస్సీ. ఇదే ఏజెన్సీకి వెళ్లింది. మొదట్లో ఆమెకూ వీడియోలు వచ్చేవి, ఇల్లు చూసి వచ్చేది, మర్నాడు ‘ఓనర్ వాళ్ల చుట్టాలు దిగుతున్నరట మేడమ్’ అని కబురు. ఇలా కొన్నాళ్లు తిరిగి విసిగిపోయి ఆమే ఫోన్ చేసి చెప్పిందట: ‘మేము ఎస్సీలం తమ్ముడూ. ఇచ్చేటోళ్లుంటేనే వీడియో పంపు, లేకుంటే నైట్ డ్యూటీ చేసి వచ్చి నేనెందుకు తిరగాలె.’ వాళ్లు కూడా ‘మంచిగ చెప్పిన్రు మేడమ్, మాకూ పని సులువైతది’ అన్నారట. మా ఇంట్లో కూర్చుని ఈ మాట చెప్తుంటే మా ఆవిడ చాయ్ కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఒక చదువుకున్న మనిషి, పొద్దున్నుంచి రాత్రి దాకా అన్ని కులాల వాళ్లకూ సూదులు వేసి, సెలైన్లు ఎక్కించే మనిషి, తన కులాన్ని తనే ముందు చెప్పుకుని టైమ్ మిగుల్చుకోవాల్సి రావడం, అది ఆఫీసు వాళ్లకు సౌకర్యంగా అనిపించడం. ఈ రివ్యూ రాయాలని గట్టిగా అనుకున్నది అప్పుడే.

ఆ కుర్రాళ్లను చెడ్డవాళ్లని నేను అనను. గట్టిగానే అడిగాను, ఈ గడి ఎందుకు తమ్ముడూ అని. ‘నేను అడగకుంటే ఓనర్లు నన్ను అడుగుతరు సార్. తెల్వక తీస్కపోతే ఇద్దరి టైమ్ ఖరాబ్. మొకం మీద కాదంటే వాళ్లకూ బాధ గదా’ అన్నాడు. మనసులో ఉన్నదే చెప్పాడు. కానీ నాకు భయం వేసింది సరిగ్గా ఆ మాటకే. ఇదివరకు ఓనర్ తన నోటితో అడగాలి, అడగడానికి కాస్తైనా మొహమాటపడాలి, ఏదో సాకు చెప్పాలి. ఇప్పుడు ఓనర్ అడగక్కర్లేదు, వచ్చినవాళ్లు వినక్కర్లేదు, మధ్యలో ఒక కాగితం, ఒక ఎర్ర పెన్ను ఆ పని చేసి పెడుతున్నాయి. సగం నెల అద్దె తీసుకుని వీళ్లు అమ్మే సేవలో నీళ్ల వీడియో ఒక భాగమైతే ఇది ఇంకో భాగం. సిగ్గుపడాల్సిన మనిషే మధ్యలో లేకుండా పోయాడు.

అదీ ఏ ఊళ్లో? ఇంకెక్కడో అయితే ఇంత బాధపడేవాణ్ని కాదేమో. 1952 మొదటి ఎన్నికల్లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేసి పార్లమెంటుకు పంపిన నియోజకవర్గం ఇది. వెట్టి చాకిరికి, దొరల గడీలకు ఎదురు తిరిగి 1946 నుంచి 1951 దాకా సాయుధంగా కొట్లాడిన జిల్లా. కడవెండిలో దొడ్డి కొమురయ్య, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ, అవన్నీ అప్పటి నల్లగొండ జిల్లా ఊళ్లే. నకిరేకల్ నుంచి నర్రా రాఘవరెడ్డి ఆరుసార్లు ఎమ్మెల్యే అయ్యాడు, గీత కార్మికుల నాయకుడు ధర్మభిక్షం 1991లో, 1996లో ఇక్కడి నుంచే ఎంపీ. ఆ 1996 ఎన్నిక గురించి ఈ కాలం పిల్లలకు తెలియదు. ఫ్లోరైడ్ నీళ్ల సంగతి ఢిల్లీకి వినపడాలని జనం గుంపులుగా నామినేషన్లు వేస్తే ఆ ఒక్క సీటుకు 480 మంది అభ్యర్థులయ్యారు, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. విషపు నీళ్లు తాగేటప్పుడు రెడ్డి బోరు, మాల బోరు అని తేడా లేదు, ఆ కొట్లాటలోనూ లేదు.

అప్పుడు కులం లేదని నేను చెప్పడం లేదు. ఊరు ఎప్పుడూ ఊరే, వాడ ఎప్పుడూ వాడే, ఆ ఎర్ర జెండాలు మోసిన ఊళ్లలో కూడా. పెద్ద నాయకుల్లో ఎక్కువమంది ఏ కులాల వాళ్లో కూడా అందరికీ తెలుసు. కానీ నలుగురిలో నోరు తెరిచి అడగడానికి ఒక జంకు ఉండేది. పార్టీ మీటింగుకు పోయేవాడు, యూనియన్లో ఉన్నవాడు, ‘నీ కులమేంది’ అంటే పక్కవాడు ఏమనుకుంటాడోనని ఆగేవాడు. ఆ జంకు ఎంత విలువైందో అది పోయాక తెలుస్తోంది. ఇప్పుడు టికెట్ల దగ్గర్నుంచి ఫంక్షన్ హాళ్ల దాకా, కార్తీక మాసం వనభోజనాల దాకా అన్నీ కులం పేరు మీదే బాహాటంగా నడుస్తున్నాయి, ఏ పార్టీ దీనికి మినహాయింపు కాదు, జెండా ఏదైనా క్యాండిడేట్‌ని పెట్టేటప్పుడు లెక్క అదే. ఇంటి ఓనర్ మాత్రం ఎందుకు మొహమాటపడతాడు?

నేను చూసిన ఇళ్లలో ఒకదాని ఓనర్ అరవై దాటిన పెద్దమనిషి. హాల్లో గోడకు వాళ్ల నాన్న ఫొటో, దండ వేసి ఉంది. ‘మా నాయన సంఘంల తిరిగిండు సార్, జైలుకు కూడా పోయొచ్చిండు, మా ఇంట్ల అందరు కలిసే తినేటోళ్లు’ అని గర్వంగా చెప్పాడు. చాయ్ ఇచ్చారు. అంతలోనే ఏజెన్సీ తమ్ముడి వైపు తిరిగి ‘కింది పోర్షన్‌కు కూడా ఇట్లాంటి మనోళ్లనే చూడు’ అన్నాడు. కింది పోర్షన్ సంగతేంటని నేను అడిగితే, ‘నాకేం పట్టింపు లేదు సార్, కాలనీల మిగతావాళ్లు ఒప్పుకోరు’ అన్నాడు. ఆ కాలనీలో ఇంకో ఇల్లు కూడా చూశాను, ఆ ఇంటాయన కూడా ఇదే మాట, మిగతావాళ్లు ఒప్పుకోరని. ఆ మిగతావాళ్లు ఎవరో నాకు ఇప్పటికీ కనపడలేదు. ఆ పెద్దమనిషి ఇల్లు గాలీ వెలుతురుతో చాలా బాగుంది, కానీ నేను తీసుకోలేదు.

కొందరు అంటారు, ప్రభుత్వమే ఇల్లిల్లూ తిరిగి కులం అడిగింది కదా, ఏజెన్సీ వాళ్లు అడిగితే తప్పేంటని. మా ఆఫీసులోనే ఒకరు అన్నారు. 2024 చివర్లో రాష్ట్రంలో జరిగిన సర్వేలో నా ఇంటికీ వచ్చారు, నేనూ చెప్పాను. ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం అని లెక్క తేల్చారు. ఎవరికి ఎంత అందాలో తెలుసుకోవడానికి అడిగారు కాబట్టి చెప్పాం. ఆ లెక్కనే ఇక్కడికి తెచ్చి చూడండి, ‘ఓసీ ఓన్లీ’ అని రాసిన ప్రతి ఇల్లూ రాష్ట్రంలో ప్రతి ఆరుగురిలో ఐదుగురికి తలుపు వేసేసినట్టే.

దేశమంతా కూడా ఇంతే ఉందని 2023లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. దేశంలో 15 లక్షల బస్తీలు, వాడల లెక్కలు తీసి చూస్తే, పట్టణాల్లో ఉండే ముస్లింలలో 26 శాతం మంది నూటికి ఎనభై మందికి పైగా ముస్లింలే ఉండే చోట బతుకుతున్నారు, పట్టణ దళితుల్లో 17 శాతం మంది అలాగే తమవాళ్లే ఉండే చోట. పైగా అలాంటి చోట్లకు ప్రభుత్వ బడులు, ఆసుపత్రులు తక్కువగా అందుతున్నాయి. ఊళ్లలో కుల పీడన తప్పాలంటే పట్నాలకు పొమ్మని అంబేద్కర్ చెప్పారు. పట్నానికి వచ్చి, చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, అద్దె కట్టగలిగే స్థితిలో ఉన్నవాళ్లను కూడా ఒక రిజిస్టరు మళ్లీ వాడ వైపే నడిపిస్తోంది. పిల్లలు కలవరు, ఆటలు కలవవు, ఒకరి పండగకు ఒకరు వెళ్లరు. పక్కనే మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్‌లో ఒక ఆసుపత్రి బయట ఒక దళిత కుర్రాణ్ని, వేరే కులం అమ్మాయిని పెళ్లి చేసుకున్న పాపానికి, నరికి చంపారు, 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. తీర్పు వచ్చిన రోజు అందరూ టీవీల ముందు కూర్చుని అయ్యో అన్నవాళ్లే. అంత ఘోరం ఒక్కరోజులో పుట్టదు, పక్కింట్లో కూడా ఉండనివ్వని బుద్ధి ఒక తరం పాటు పెరిగితే పుడుతుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి, చాలామందికి తెలియదు కాబట్టి. అంటరానితనం పేరుతో ఒక మనిషి ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కొనుక్కోకుండా, అందులో ఉండకుండా అడ్డుపడితే 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షన్ కింద నేరం. అదే కారణంతో సేవ నిరాకరించడం ఆరో సెక్షన్ కింద నేరం. అంటే ఏజెన్సీ వాళ్లు తాము మధ్యవర్తులం మాత్రమే అని చేతులు దులుపుకోవడానికి లేదు. ముస్లింలకు ఈ పాటి ఆసరా కూడా లేదు. రాజ్యాంగం 15వ అధికరణలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్లు ఉన్నాయి, ప్రైవేటు అద్దె ఇల్లు అందులో లేదు. పైగా 2005లో ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, తమవాళ్లకే సభ్యత్వం అని సొసైటీ పెట్టుకున్న నిబంధనను సుప్రీంకోర్టు సమర్థించింది. ఇక ఎస్సీల విషయంలో చట్టం ఉన్నా కేసు ఎలా పెడతారు? ‘ఇప్పుడే అయిపోయింది మేడమ్’ అన్న మాటలో కులం పేరు లేదు, సాక్ష్యం లేదు. ఉన్న ఒకే ఒక సాక్ష్యం ఆ రిజిస్టరులో ఎర్ర పెన్ను గుర్తు, అది వాళ్ల టేబుల్ మీదే ఉంటుంది.

నాకు చివరికి ఇల్లు వీళ్ల ద్వారానే దొరికింది. ‘అందరికీ’ అని రాసి ఉన్నవే చూపించమని చెప్పాను. తమ్ముడు కొంచెం వింతగా చూశాడు, ‘అవి కొంచెం పాత ఇళ్లు సార్’ అన్నాడు, పర్లేదన్నాను. రామగిరి వైపు పాత ఇల్లు, ఓనర్ ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయినాయన. ‘నెల నెలా ఐదో తారీకు లోపల కిరాయి పడాలె, రాత్రి పది దాటితే గేటు చప్పుడు చేయొద్దు’ అని రెండే షరతులు పెట్టాడు. బాత్‌రూమ్ చిన్నది, ఎండాకాలం పై కప్పు కాగుతుంది, పార్కింగ్ ఇబ్బంది. ఇవన్నీ నిజమే. మా పక్క పోర్షన్లో ఎవరుంటున్నారో నేను అడగలేదు, నా గురించి వాళ్లూ అడగలేదు. మా బాబూ వాళ్ల పాపా రెండో రోజుకే ఒకే సైకిల్ తొక్కుతున్నారు.

నర్సు మేడమ్‌కు ఏజెన్సీ వల్ల ఒరిగిందేమీ లేదు. డ్యూటీ దిగి వస్తూ గల్లీ గల్లీ తిరిగి, టు లెట్ బోర్డు చూసి, గేటు కొట్టి మాట్లాడి తనే వెతుక్కుంది. మా సహోద్యోగి ఇంకా వెతుకుతూనే ఉన్నాడు, ఫ్యామిలీ మహబూబ్‌నగర్‌లో, ఆయన ఇక్కడ ఒక రూమ్‌లో.

రేటింగ్ అడిగితే, డబ్బు నిజాయితీకి, వీడియోలకు, అగ్రిమెంటు పనికి ఐదుకు ఐదు. మొత్తం మీద మాత్రం ఐదుకు రెండే ఇస్తాను, ఆ గడి ఉన్నంత కాలం అంతకు మించి ఇవ్వను. వాళ్ల దగ్గరికి వెళ్లొద్దని చెప్పడం లేదు, వెళ్తే ఆ గడి ఖాళీగా వదిలేయండి, వాళ్లే నింపబోతే వద్దని చేయి అడ్డం పెట్టండి, ‘అందరికీ’ అని ఉన్న ఇళ్లే చూపించమనండి. నేను పాతిక మందికి చెప్తే అందులో పది మంది అలా అడిగినా ఆ కుర్రాళ్లకు లెక్క తెలుస్తుంది, వాళ్లు వ్యాపారం చేసుకునేవాళ్లు, గిరాకీ ఎటుంటే అటు వస్తారు.

ఇది రాసే ముందు తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను, నీ గురించి ఇలా రాస్తున్నానని. కోపం తెచ్చుకోలేదు. ‘ఓనర్లు ఒప్పుకుంటే మేం రేపే తీసేస్తం సార్, మాకేం లాభం దానితోని’ అన్నాడు. కాబట్టి ఇది చదువుతున్న వాళ్లలో ఇల్లు అద్దెకు ఇచ్చే వాళ్లుంటే మీకొక మాట. మీ ఇంటి పక్కన ఎర్ర పెన్నుతో ఏం రాసి ఉందో ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. మీరు ఎప్పుడో యథాలాపంగా ‘మంచోళ్లను చూడు’ అన్న మాటకు వాళ్లు ఏ అర్థం తీసుకుని ఏం రాసుకున్నారో మీకు తెలియకపోవచ్చు. కొట్టేసి ‘అందరికీ’ అని రాయమని చెప్పండి, ఫోన్లోనే రాసుకుంటారు, ఆఫీసుకు వెళ్లాల్సిన పని కూడా లేదు.